కుక్కపిల్లకు తిండితో పాఠాలు: బెజవాడ ఇంట్లో మొదటి ఆరు నెలలు

కుక్కపిల్ల ఇంటికొచ్చిన కొత్తలో "సిట్" అనగానే కూలబడుతుంది, చేతిలోని గింజ తింటుంది, ఇల్లంతా మురిసిపోతుంది. కొన్నాళ్లు గడిచేసరికి అదే పిల్ల అదే గింజను వాసన చూసి, తల తిప్పుకుని, సోఫా కిందికి వెళ్లి పడుకుంటుంది. "మొండిది", "దీనికి బుర్ర లేదు" అనే మాటలు అప్పుడే మొదలవుతాయి. దాన్ని ఆ మాటలు అనేముందు ఆ రోజు పొద్దుటి నుంచి దాని కడుపులోకి ఏమేం వెళ్లాయో ఒక్కసారి లెక్కేయండి. తాతగారి ఇడ్లీ ముక్క, పిల్లలు స్కూలుకెళ్తూ విసిరిన బిస్కెట్, పదింటికి నాయనమ్మ కలిపి పెట్టిన పెరుగన్నం, ఎప్పుడూ నిండుగా ఉండే డాగ్‌ఫుడ్ గిన్నె, సాయంత్రం వాచ్‌మన్ ఇచ్చిన రస్కు. ఇవన్నీ అడక్కుండానే వచ్చాయి. ఇక మీరు చూపించే గింజ దానికెందుకు?

అందుకని పాఠం ఎక్కడ మొదలవ్వాలంటే, గిన్నె దగ్గరే.

మొదటి పని: గిన్నెకు వేళలు పెట్టండి

రెండు నుంచి నాలుగు నెలల పిల్లకు రోజుకు నాలుగుసార్లు, ఆ తర్వాత ఆరు నెలల దాకా మూడుసార్లు తిండి పెడితే సరిపోతుంది. గిన్నె పెట్టి పావుగంట ఉంచండి. తిన్నంత తిన్నాక, మిగిలినా సరే, తీసేయండి. గిన్నె రోజంతా నేల మీద ఉంటే పిల్లకు ఆకలి ఎప్పుడు వేస్తుందో మీకు తెలియదు, తిండి ఎవరి చేతిలోంచి వస్తుందో దానికీ తెలియదు. పైగా మన ఊరి ఉక్కలో తడిపి పెట్టిన తిండి గంటల తరబడి ఉంటే పులిసిపోతుంది, చీమలు పడతాయి.

పొద్దున్నే ఆ రోజుకు సరిపడా తిండి మొత్తం కొలవండి. సంచి మీద వయసు, బరువును బట్టి గ్రాముల్లో రాసి ఉంటుంది. వంటింటి కాటా ఉంటే మంచిది, లేకపోతే ఒకే గ్లాసుతో రోజూ కొలవండి. అందులోంచి మూడో వంతు తీసి మూత గట్టిగా పట్టే డబ్బాలో పోసి ఫ్రిజ్ మీద పెట్టండి. ఆ డబ్బా పాఠాలకు. మిగిలింది గిన్నెకు. ఇంట్లో ఎవరికి పిల్లను ముద్దుచేయాలనిపించినా ఆ డబ్బాలోంచే తీయాలి, అదీ ఏదో ఒక చిన్న పని చేయించి మరీ ఇవ్వాలి. డబ్బా ఖాళీ అయిందంటే ఆ రోజుకు అయిపోయినట్టే.

పెద్దవాళ్లను ఒప్పించడమే ఇందులో కష్టమైన భాగం. "నోరులేని జీవం, ఆకలితో మాడుస్తున్నారు" అంటారు, అది ప్రేమతో అనే మాటే. వాళ్లకు వద్దని చెప్పకండి, పని అప్పగించండి. "నాయనమ్మా, మధ్యాహ్నం పాఠం నీదే, ఈ ఇరవై గింజలూ నువ్వే పెట్టాలి, కూర్చున్నప్పుడే పెట్టాలి" అంటే ఎవరికైనా సంతోషమే. రెండు వారాలు తిరగకుండానే ఆ పిల్ల నాయనమ్మ మాట ఎంత శ్రద్ధగా వింటుందో మీరే చూస్తారు.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. పాఠం బాగా రావాలని పిల్లను పస్తు పెట్టకండి. పొమేరియన్, షిట్జు, చివావా లాంటి చిన్నజాతి పిల్లలు ఒక పూట మానేసినా రక్తంలో చక్కెర పడిపోయి తూలిపోతాయి, ఫిట్స్ కూడా రావచ్చు. భోజనానికి అరగంట ముందు ఉండే మామూలు ఆకలి చాలు. అంతకుమించి ఆకలితో ఉన్న పిల్ల నేర్చుకోదు, చెయ్యి కొరుకుతుంది.

ఇంట్లో వండి పెట్టేవాళ్లు కూడా ఇలాగే చేయొచ్చు. చికెన్ అన్నం కలిపేముందు చికెన్‌లో కొంత భాగం విడిగా తీసి డబ్బాలో పెట్టుకోండి. కాకపోతే ఎదిగే పిల్లకు పెరుగన్నం ఒక్కటే సరిపోదు, మాంసకృత్తులూ కాల్షియమూ సమంగా అందాలి. ఏం కలపాలో డాక్టర్‌ను అడిగి చేయండి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ పిల్లలకు "ఎముకలు గట్టిపడతాయి" అని సొంతంగా కాల్షియం సిరప్ పోయకండి, పెద్దజాతి పిల్లల్లో ఎక్కువైన కాల్షియం ఎముకలనే పాడుచేస్తుంది.

రెండో పని: ముక్కలు మూడు రకాలుగా సిద్ధం చేసుకోండి

మామూలు రకం: డబ్బాలోని డాగ్‌ఫుడ్ గింజలు. ఇంట్లో, చప్పుడు లేని గదిలో, వచ్చిన పాఠం మళ్లీ చేయించడానికి ఇవి చాలు.

మధ్య రకం: కొత్త పాఠానికి. ఉడికించిన గుడ్డు తెల్లసొన, ఉప్పు లేని పన్నీరు, ఉడికించిన చిలగడదుంప, గుమ్మడికాయ, పచ్చి క్యారెట్, గింజ తీసిన యాపిల్. పటమట రైతుబజారుకు ఒకసారి వెళ్తే వారానికి సరిపడా దొరుకుతాయి. పాలు పడని పిల్లలు చాలా ఉంటాయి, కాబట్టి పన్నీరు మొదటి రోజు రెండు ముక్కలే పెట్టి మర్నాడు విరేచనం ఎలా ఉందో చూసుకోండి.

మేలు రకం: వీధిలో పాఠానికి, "రా" అనే పిలుపుకు, భయపెట్టే చప్పుళ్లకు. ఉడికించిన చికెన్, కోడి లివర్.

చికెన్ షాపులో స్కిన్‌లెస్ బోన్‌లెస్ పావుకిలో తీసుకోండి. ఉప్పు, కారం, అల్లంవెల్లుల్లి, నూనె ఏమీ వేయకుండా నీళ్లలో పది, పదిహేను నిమిషాలు ఉడకనివ్వండి. చల్లారాక చాకుతో సన్నగా కోసి, మూకుడులో సన్న సెగ మీద తడి ఆరేదాకా అటూ ఇటూ తిప్పండి. తడి ఆరితే వేళ్లకు అంటుకోదు, జేబులో వేసుకున్నా జిగట ఉండదు, వాసన మాత్రం నిలుస్తుంది. ఫ్రిజ్‌లో మూడు రోజులకు మించి ఉంచకండి. చిన్న చిన్న పొట్లాలు కట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, రోజుకొకటి కిందికి దించుకోవడం ఇంకా మంచిది. ఎండాకాలంలో బయటికి తీసుకెళ్లింది గంటలోపు అయిపోవాలి, మిగిలింది పారేయండి. లివర్‌కు వాసన ఎక్కువ కాబట్టి ఏ పిల్లా కాదనదు. కానీ అందులో విటమిన్ ఏ చాలా ఎక్కువ, వారానికి రెండు మూడుసార్లు గోరంత ముక్కలు చాలు.

ముక్క ఎంత ఉండాలి? శనగపప్పు బద్దంత. లాబ్రడార్ పిల్లకైనా పచ్చిబఠాణీ గింజ కంటే పెద్దది అక్కర్లేదు. కుక్క ముక్క పరిమాణం కంటే ఎన్నిసార్లు వచ్చిందన్నదే ఎక్కువ పట్టించుకుంటుంది. పెద్ద ముక్క ఇస్తే నమలడానికి సమయం పడుతుంది, ఈలోపు ఏం చేస్తే వచ్చిందో మర్చిపోతుంది, అయిదో ముక్కకే కడుపు నిండుతుంది.

ఇక లెక్క. పాఠాల ముక్కలుగా పెట్టే పైతిండి, అంటే దాని రోజువారీ తిండిలోంచి తీయనిది, మొత్తం కేలరీల్లో పదో వంతు దాటకూడదు. మూడు నెలల వయసు, 5 కిలోల బరువున్న పిల్లకు రోజుకు సుమారు 700 కేలరీలు కావాలి. అందులో పదో వంతు 70. ఉడికించిన చికెన్ బ్రెస్ట్ 100 గ్రాముల్లో సుమారు 165 కేలరీలు ఉంటాయి. అంటే రోజుకు 40 గ్రాములు. తక్కువ అనిపిస్తుంది గానీ, అరగ్రాము ముక్కలుగా కోస్తే 80 ముక్కలు వస్తాయి. ఒక రోజు పాఠాలకు అది ఎక్కువే.

సత్యనారాయణపురంలో గుడ్డు కూడా గడప దాటి రాని ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ ఇళ్లలోనూ కుక్కపిల్లలు చక్కగా నేర్చుకుంటాయి. పన్నీరును మేలు రకానికి ఎక్కించి, రోజూ పెట్టకుండా దాచిపెట్టండి. అరుదుగా దొరికేదే ఏ కుక్కకైనా విలువైనది. మీ పిల్లకు ఏది ప్రాణమో తెలుసుకోవాలంటే రెండు రకాలు రెండు చిన్న పళ్లాల్లో పెట్టి, ముందు దేని దగ్గరికి వెళ్తుందో నాలుగైదుసార్లు, పళ్లాలు అటూ ఇటూ మారుస్తూ చూడండి.

మన వంటింట్లో ఉండేవే, పెట్టకూడనివి: ఉల్లి, వెల్లుల్లి ఏ రూపంలోనూ వద్దు, ఉడికించినా, పొడి చేసినా అవి కుక్క రక్తంలోని ఎర్ర కణాలను పాడుచేస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, కాబట్టి చక్కెర పొంగలి ప్రసాదం ముద్ద పెట్టేముందు అందులో కిస్‌మిస్ ఉంటుందని గుర్తు పెట్టుకోండి. చాక్లెట్ వద్దు. జైలిటాల్ అనే తీపి కలిసిన షుగర్‌ఫ్రీ చూయింగ్‌గమ్, కొన్ని పీనట్ బటర్లు వద్దు, వాటితో రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. బిర్యానీలో మిగిలిన ఎముకలు అసలే వద్దు, ఉడికిన ఎముక సూదుల్లా చీలి పేగులకు గుచ్చుకుంటుంది. మేరీ బిస్కెట్, రస్కు విషం కాదు గానీ, మైదా, చక్కెర తప్ప అందులో ఏమీ లేదు. రోజూ పెట్టే అలవాటు మాన్పించండి.

మూడో పని: ఒక మాటను ముక్కతో ముడిపెట్టండి

పిల్ల కూర్చున్న క్షణానికీ, మీరు జేబులోంచి ముక్క తీసి నోటికి అందించే క్షణానికీ మధ్య రెండు మూడు సెకన్లు పడుతుంది. ఆ రెండు సెకన్లలో అది లేచి నిలబడి ఉంటుంది. అప్పుడు ముక్క ఇస్తే దేనికి ఇచ్చినట్టు? లేచి నిలబడినందుకే. ఈ సందును పూడ్చడానికి ఒక చిన్న మాట కావాలి. "యస్" అనుకోండి, "భేష్" అనుకోండి, ఇంట్లో అందరూ ఒకటే అనాలి.

దాని పక్కన కూర్చోండి. ఏమీ చేయించకుండా "యస్" అనండి, వెంటనే ఒక గింజ నోటికి ఇవ్వండి. మళ్లీ "యస్", మళ్లీ గింజ. ఇలా పదిహేనుసార్లు. ముందు మాట, తర్వాతే చెయ్యి కదలాలి, రెండూ కలిసి వస్తే పిల్ల చేతినే చూస్తుంది, మాట వినదు. మర్నాడు అది ఎటో చూస్తున్నప్పుడు "యస్" అని చూడండి. చటుక్కున మీవైపు తిరిగిందంటే మాట పనిచేస్తోంది.

ఫ్రిజ్ తలుపు చప్పుడుకు పరిగెత్తుకొచ్చే కుక్కను మీరు చూసే ఉంటారు, ఇదీ అదే సూత్రం. జీర్ణక్రియ మీద పరిశోధనకు 1904లో నోబెల్ అందుకున్న ఇవాన్ పావ్‌లోవ్ కుక్కల లాలాజలాన్ని కొలుస్తూ గమనించింది దీన్నే: తిండికి ముందు ప్రతిసారీ వచ్చే గుర్తు తిండి ఇచ్చే ఉత్సాహాన్నే ఇస్తుంది. అందుకే "యస్" అన్నాక ముక్క ఇవ్వకుండా ఎప్పుడూ ఎగ్గొట్టకండి. పొరపాటున అన్నా ఇచ్చేయండి.

నాలుగో పని: "సిట్" నేర్పడం, ముక్కను చేతిలోంచి మాయం చేయడం

ముక్కను రెండు వేళ్ల మధ్య పట్టుకుని పిల్ల ముక్కుకు ఆనించినంత దగ్గర పెట్టి, మెల్లగా తల మీదుగా వెనక్కి తీసుకెళ్లండి. తల పైకి లేస్తుంది, వెనక భాగం దానంతటదే నేలకు ఆనుతుంది. ఆనిన క్షణంలో "యస్", ముక్క. నడుం మీద చెయ్యి వేసి నొక్కకండి, లేత కీళ్లు. మీరు నొక్కేదాకా అది ఆగడం కూడా అలవాటవుతుంది.

ఇక్కడిదాకా అందరూ చేస్తారు. చాలామంది ఆగిపోయేది తర్వాతి మెట్టు దగ్గరే. మూడు నాలుగుసార్లు ముక్కతో చేయించాక, అయిదోసారి చేతిలో ఏమీ లేకుండా, ముక్క ఉన్నట్టే వేళ్లు పట్టి, అదే కదలిక చేయండి. పిల్ల కూర్చుంటుంది. "యస్" అని, రెండో చేత్తో వెనక దాచిన డబ్బాలోంచి ముక్క తీసి ఇవ్వండి. ఆ రోజు నుంచి చూపించే చేతిలో ముక్క ఉండకూడదు. పని అయ్యాక ముక్క ఎక్కడినుంచో ప్రత్యక్షం కావాలి.

పని ముందు చూపించేది లంచం, పని అయ్యాక చేతికందేది జీతం. లంచానికి అలవాటైన కుక్క ముందు చేతిలో ఏముందో చూస్తుంది, అంతకంటే మంచిది రోడ్డు అవతల కనిపిస్తే అటే పోతుంది. "తిండి పెడితేనే మాట వింటుంది, లేకపోతే వినదు" అని బాధపడేవాళ్ల ఇళ్లలో జరిగిందిదే. తిండి తప్పు కాదు, అది కనిపించిన వేళ తప్పు.

చేతి సైగకు పది సార్లలో ఎనిమిదిసార్లు కూర్చుంటున్నప్పుడే మాట కలపండి: "సిట్" అని, ఒక్క సెకను ఆగి, సైగ. కొన్నాళ్లకు సైగ తగ్గుతుంది, మాట నిలుస్తుంది. మాట ఒక్కసారే అనండి. "సిట్, సిట్, సిట్, కూర్చోవే తల్లీ, సిట్" అంటే దానికి ఆ వరస మొత్తం ఒకటే మాటలా వినిపిస్తుంది, అయిదోసారి దాకా కూర్చోవడం అనవసరం అనుకుంటుంది.

ఒక్కో పాఠం రెండు మూడు నిమిషాలు. రోజుకు అయిదారుసార్లు. భోజనానికి ముందు, నిద్ర లేచి ఒంటికెళ్లి వచ్చాక. ఈ వయసులో పిల్లలు రోజులో ఎక్కువ భాగం నిద్రలోనే ఉంటాయి, నిద్రమత్తులో ఉన్నదాన్ని లేపి పాఠం చెప్పకండి. అన్నిటికంటే ముఖ్యంగా, అది ఇంకా కావాలని తోక ఊపుతున్నప్పుడే ఆపేయండి. "ఇంకొక్కసారి చేయిద్దాం" అనిపించిన క్షణమే ఆపాల్సిన క్షణం. విసుగుతో ముగిసిన పాఠాన్ని అది మర్నాడు గుర్తుపెట్టుకుంటుంది.

వేళ్లు కొరుకుతోందా? ముక్కను అరచేతిలో పెట్టి చెయ్యి చాచి ఇవ్వండి. ఆబగా లాక్కుంటుంటే పిడికిలి మూసేయండి, అది నాకి, గీకి, చివరకు ఒక్క క్షణం వెనక్కి తగ్గుతుంది. అప్పుడు "యస్", పిడికిలి తెరవండి. ఇంట్లో చిన్నపిల్లలు, వయసుమళ్లిన వాళ్లు ఉంటే మిగతా పాఠాలకంటే ముందు ఇదే నేర్పండి.

ఐదో పని: గదిలోంచి వీధిలోకి, ఒక్కో మెట్టు

హాల్లో బ్రహ్మాండంగా కూర్చునే పిల్ల లిఫ్ట్ దగ్గర మిమ్మల్ని పట్టించుకోదు. మర్చిపోవడం కాదు, కుక్కకు చోటు మారితే పాఠం మళ్లీ కొత్తదే. హాలు, బాల్కనీ, కారిడార్, మెట్లు, పార్కింగ్, గేటు, వీధి, ఈ వరసలో వెళ్లండి. ప్రతి కొత్త చోటా పాఠం మొదటినుంచి, ముక్క ఒక రకం పైది. గేటు దగ్గర సాయంత్రం ఏడింటికి బజ్జీల బండి వాసన, వెనకే స్కూటర్ల హారన్లు, ఎదురుగా వీధికుక్కలు ఉంటే డాగ్‌ఫుడ్ గింజకు విలువేముంటుంది? అక్కడికి చికెన్ తీసుకెళ్లాలి.

టీకాలన్నీ పూర్తయ్యేదాకా, సాధారణంగా నాలుగు నెలలు నిండేదాకా, వీధి నేల మీద దించకండి. కుక్కపిల్లల పేగులను దెబ్బతీసి ప్రాణం మీదికి తెచ్చే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది. అలాగని ఇంట్లోనే బంధించకండి, ఎందుకంటే లోకానికి అలవాటుపడే వయసు మూడు వారాల నుంచి సుమారు పద్నాలుగు వారాల దాకానే. చంకనెత్తుకుని తీసుకెళ్లండి. పొద్దున ట్రాఫిక్ పెరగకముందు బెంజి సర్కిల్ వైపు ఒక పక్కగా నిలబడండి. బస్సు వెళ్లింది, ముక్క. అంబులెన్స్ సైరన్, ముక్క. హెల్మెట్ పెట్టుకున్న మనిషి, ముక్క. ఇక్కడ అది ఏ పనీ చేయక్కర్లేదు, చప్పుడు వచ్చిన వెంటనే మంచిది వస్తుందని తెలిస్తే చాలు.

ఇంట్లో ప్రెషర్ కుక్కర్ విజిల్‌తో ఇది మొదలుపెట్టండి. వంటింటికి దూరంగా పడగ్గదిలో కూర్చోబెట్టి, విజిల్ వినగానే లివర్ ముక్క. రోజులు గడిచేకొద్దీ వంటింటికి దగ్గర జరగండి. దీపావళి టపాసుల చప్పుళ్లకు కూడా పద్ధతి ఇదే, కాకపోతే నెలా రెండు నెలల ముందే ఫోన్‌లో టపాసుల శబ్దాన్ని బాగా చిన్నగా పెట్టి మొదలెట్టాలి. పండగ రోజు సాయంత్రం మొదలుపెడితే లాభం లేదు.

ఒక గుర్తు బాగా గమనించండి. బయట చికెన్ కూడా ముట్టకపోతే దానర్థం అది భయపడుతోంది, లేదా ఉద్రేకంలో ఉంది. ముక్కను నోట్లో కుక్కకండి, మొరగడానికి తిట్టకండి. దాన్ని భయపెడుతున్నదానికి దూరంగా, అది మళ్లీ ముక్క తీసుకునేంత దూరం, వెనక్కి నడవండి. ఆ దూరమే ఈ రోజు మీ తరగతి గది.

"రా" అనే పిలుపుకు వేరే ఖజానా

వచ్చిన పాఠాలన్నిటిలో ప్రాణం కాపాడేది ఇదొక్కటే. తెరిచి ఉన్న గేటులోంచి రోడ్డు మీదికి దూకిన కుక్కను వెనక్కి తిప్పేది ఈ మాటే. కాబట్టి ఇంట్లో ఉన్నవాటిలో అన్నిటికంటే మంచి ముక్క "రా" కోసమే దాచండి. వచ్చిన ప్రతిసారీ, ఎంత పెద్దదయ్యాకైనా సరే, ముక్క ఇవ్వండి. అప్పుడప్పుడు ఒకటి కాదు, అయిదారు వరసగా, ఒక్కొక్కటే.

కారిడార్‌లో ఇద్దరు రెండు చివరల కూర్చుని మార్చి మార్చి పిలవండి. పిల్లలకు ఈ ఆటంటే భలే ఇష్టం, కుక్కపిల్లకూ అంతే. తర్వాత అయిదు మీటర్ల తాడు కట్టి మేడ మీద, ఖాళీ స్థలంలో చేయండి. "రా" అని పిలిచి స్నానం చేయించకండి, మందు వేయకండి, తిట్టకండి. వాటికి మీరే నడిచి వెళ్లి ఎత్తుకోండి. చెప్పు కొరికేసినా, పిలిస్తే వచ్చిందంటే ముక్క ఇవ్వాల్సిందే, చెప్పును మీరు అల్మరాలో పెట్టుకోండి.

నోట్లో ఏదైనా పట్టుకున్నప్పుడు కూడా దవడలు తెరిచి లాగకండి. మేలు రకం ముక్క ముక్కు దగ్గర పెట్టండి, వదలగానే "యస్", ముక్క. ప్రమాదం లేని వస్తువైతే మళ్లీ దానికే ఇచ్చేయండి. ఇస్తే పోదు, ఇంకా వస్తుంది అని నమ్మిన కుక్క దేన్నీ గుర్రుమని కాపలా కాయదు.

ఎండాకాలం

ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం దాకా, రోహిణి కార్తె దాటేవరకు, పాఠాల వేళలు మార్చేయాలి. కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పుతూ తేమను ఆవిరి చేసి చల్లబడుతుంది. కృష్ణ ఒడ్డున గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి ఆ ఆవిరి సరిగా పోదు. అందుకే థర్మామీటర్‌లో అంకె తక్కువగా ఉన్న రోజున కూడా ఉక్కపోతకు కుక్కలు డీలాపడతాయి. పగ్, షిట్జు లాంటి చప్పిడి ముక్కు జాతులకు ఇంకా కష్టం, హస్కీకి చెప్పనే అక్కర్లేదు.

పొద్దున ఆరు లోపు, రాత్రి ఎనిమిది తర్వాత చేయండి. బయటికి వెళ్లేముందు అరచేతి వెనక భాగాన్ని రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీ చెయ్యి ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. ఈ రోజుల్లో ఆకలి తగ్గడం సహజం, డాగ్‌ఫుడ్ వద్దంటుంది. గింజలు తీసిన పుచ్చకాయ ముక్కలు, కీరదోస, ఐస్ ట్రేలో గడ్డకట్టించిన తియ్యటి పెరుగు చుక్కలు (చక్కెర వేయకుండా, పులవని పెరుగు) మధ్యాహ్నం ఫ్యాన్ కింద పాఠానికి బాగా పనికొస్తాయి. విపరీతంగా రొప్పుతూ, చొంగ కారుస్తూ, తూలుతుంటే అది వడదెబ్బ. చల్లటి నీళ్లతో ఒళ్లంతా తడిపి, ఫ్యాన్ కింద పెట్టి, అదే తడితో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ముక్క వద్దన్నప్పుడు

ముందు వేళ చూడండి, ఇప్పుడే తిందా? తర్వాత రకం చూడండి, పది రోజులుగా అదే చికెనా? రెండు రోజులు గుడ్డుకు మారండి. వయసు నాలుగు నుంచి ఆరు నెలలైతే పాలపళ్లు ఊడుతుంటాయి, చిగుళ్లు నొప్పి, క్యారెట్ పక్కనపెట్టి మెత్తటి ముక్కలివ్వండి. పాఠం మరీ కష్టమైందేమో చూడండి, నాలుగుసార్లు వరసగా తప్పితే అయిదోసారి అదే అడగకుండా, దానికి బాగా వచ్చినదేదో చేయించి ముక్కిచ్చి ఆపేయండి.

ఇవేవీ కాకపోతే ఒంట్లో బాలేదేమో. చికెన్ అంటే ప్రాణమిచ్చే పిల్ల చికెన్ వద్దని మూలకు వెళ్లి పడుకుంటే తేలిగ్గా తీసుకోకండి. దానితోపాటు వాంతులు, నీళ్ల విరేచనాలు, ముఖ్యంగా రక్తం పడుతుంటే రేపటిదాకా ఆగొద్దు, పార్వో అయితే గంటలు కూడా లెక్కే. మీ డాక్టర్ అందుబాటులో లేకపోతే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాలకు సొంత ఆసుపత్రి ఉంది, వేళలు ముందే కనుక్కుని రాసి పెట్టుకోండి. నట్టల మందు మూడు నెలల దాకా రెండు వారాలకొకసారి, ఆ తర్వాత ఆరు నెలల దాకా నెలకొకసారి పడాలి. కడుపులో నట్టలున్న పిల్లకు ఆకలి ఒక తీరున ఉండదు.

ముక్కలు ఎప్పుడు తగ్గించాలి

తొందరపడకండి. మీ వీధిలో, మామూలు సాయంత్రం, పదికి తొమ్మిదిసార్లు మాట వింటున్నప్పుడే ఆ పాఠానికి తగ్గించడం మొదలుపెట్టండి. ముందు రెండిటికి ఒకసారి, తర్వాత కొన్నిసార్లు వెంటవెంటనే, కొన్నిసార్లు నాలుగిటికి ఒకసారి, వరస తెలియకుండా. ఎప్పుడొస్తుందో తెలియని బహుమతి కోసం చేసే పని ఎక్కువకాలం నిలుస్తుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ప్రయోగాలు చూపించాయి. బాగా వేగంగా, చక్కగా చేసినవాటినే ఎంచి ఇవ్వండి. ముక్క ఇవ్వనప్పుడు ఊరికే వదిలేయకండి: తలుపు తీయడం, బంతి విసరడం, స్తంభం దగ్గర వాసన చూడనివ్వడం, గడ్డం కింద గోకడం, ఇవన్నీ బహుమతులే. వాకింగ్‌కు వెళ్లేముందు "సిట్" అంటే కూర్చుంది, తలుపు తెరుచుకుంది. దానికి ముక్కెందుకు?

"రా"కు, గోళ్లు తీయించుకోవడానికి, డాక్టర్ బల్ల మీద కదలకుండా ఉండటానికి మాత్రం ఎప్పటికీ తగ్గించకండి.

వారానికొకసారి ఒకే రోజున బరువు చూడండి. మీరు ఎత్తుకుని కాటా ఎక్కి, తర్వాత మీ బరువు తీసేస్తే చాలు. పక్కటెముకల మీద వేళ్లతో మెల్లగా రాయండి. నొక్కకుండానే ఎముకలు చేతికి తగులుతూ, చూపుకు మాత్రం కనపడకుండా ఉంటే తిండి సరిపోయినట్టు. వెతుక్కోవాల్సి వస్తే ఆ వారం గిన్నెలో తగ్గించండి, పాఠాల డబ్బాలో కాదు.